పనిముట్ల అలమారలోని అరటిపళ్ళు

మార్చి పదకొండో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు, వరి పరిశోధన కేంద్రంలో చీకటి గదిని చూసుకునే టెక్నీషియన్ తన పనిముట్ల అలమార తెరిచాడు. పై అరలో స్పానర్ల వెనక్కి చెయ్యి పోనిచ్చి అరటిపండు తీశాడు. అటూ ఇటూ చూసి సగం తిన్నాడు. మిగిలిన సగం నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అలమారకు జానెడు ఎత్తున, గోడలోంచి బయటకు వచ్చిన వెడల్పాటి గొట్టం నోటికి పలుచని కాగితపు పీలిక కట్టి ఉంది. గాలి లోపలికి పోతోందో లేదో తెలియడానికి ఆయనే కట్టాడు. పీలిక గొట్టంలోకి తిరిగి అడ్డంగా నిలబడి ఉంది. అలమార పైరేకుకు గాలి ఆడడానికి చిల్లులు ఉన్నాయి. గొట్టం రెండో చివర చీకటి గదిలో ఉంది.

ఆయన చిల్లుల వంక చూశాడు, పీలిక వంక చూశాడు, చేతిలోని పండు వంక చూశాడు. తొక్క మీద నల్లమచ్చలు పడి, బాగా మగ్గిన పండు. ఇక దాన్ని తినలేడు. పారేస్తే ఎవరైనా చూస్తారు. కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఆ జేబు తడితడిగానే ఉంది.

కేంద్రంలో అందరూ ఆయనను గాలి మాస్టారు అంటారు. బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాడు. సైకిళ్ళు బాగుచేసే ఇంట్లో పుట్టి, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివి, ఆపైన చదివించేవారు లేక, పంపుల మరమ్మతుకు తాత్కాలికంగా ఇక్కడ చేరాడు. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, చిల్లు కనిపెట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. ఇక్కడ అదే విద్యను గాజు జాడీల మూతల మీదా రబ్బరు గొట్టాల అతుకుల మీదా ప్రయోగించాడు. ఆయన చూసి సరేనన్న జాడీ కారిన దాఖలా లేదు. 'గాలి మాస్టారి మాట గాలి మాట కాదు' అని కొత్తగా వచ్చిన విద్యార్థులకు పాతవాళ్ళు చెప్పేవారు.

ఆ గదికి శుభ్రమైన గాలి ఎందుకో ఆయన వివరించే తీరు ఒకటి ఉంది. చూడడానికి వచ్చిన బడిపిల్లలను గుమ్మం బయట నిలబెట్టి చెప్పేవాడు.

"చీకట్లో వరి గింజ మొలకెత్తిందనుకోండి. ఆ మొలక చంటిపిల్లాడు. జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఉందే, అది మేనమామ. చంకలో చేతులేసి పైకెత్తుతూ ఉంటాడు. అబ్సిసిక్ ఆమ్లం అమ్మమ్మ. పడిపోతాడురా అని చొక్కా పట్టుకుని కిందికి లాగుతూ ఉంటుంది. పిల్లాడు ఎంత ఎత్తు లేస్తాడన్నది ఆ ఇద్దరి మధ్య తగువు."

"మరి ఎవరు గెలుస్తారు మాస్టారూ?"

"అదంతా మూడోవాడి చేతిలో ఉంది. వాడి పేరు ఎథిలీన్. గాలిలో కలిసి వస్తాడు, కంటికి కనబడడు. వచ్చి పిల్లాణ్ణి ఎత్తడు. అమ్మమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతాడు. ఇంక మేనమామకు అడ్డేముంది? మొలక సర్రున లేస్తుంది. వేరు దగ్గర మాత్రం వాడి బుద్ధి వేరు. అక్కడ అమ్మమ్మకే బలమిస్తాడు. వేరు పొట్టిగా ఉండిపోతుంది."

"వాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?"

"పండిన పండులోంచి. అందుకే మీ సంచీలు బయట పెట్టమన్నది."

గుమ్మం పక్కన బోర్డు రాసింది కూడా ఆయనే: 'పండు, పువ్వు, అత్తరు, టిఫిన్ డబ్బా లోపలికి రాకూడదు.' ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి సంచీలో ఆపిల్ ఉందని తెలిసి ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "ఆపిల్‌నైనా ఆపండి, నన్నైనా ఆపండి, ఇద్దర్నీ కాదు" అని అధికారి నవ్వుతూ అన్నాడట. "మిమ్మల్ని రానిస్తానండీ, అది మాత్రం బెంచీ మీద కూర్చుంటుంది" అని ఈయన బదులిచ్చాడు. ఆ మాట కేంద్రంలో చాలాకాలం తిరిగింది.

ఇంట్లో ఆయన మాటకు అంత విలువ లేదు. భార్య ఉద్యోగకాలమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా గడిపిన మనిషి. భర్త రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందని తేలిన రోజే ఇంటిని వార్డుగా మార్చింది. పొద్దున వేలికి సూది, రాత్రి కొలిచిన భోజనం. అంతటితో ఆగక కేంద్రంలోని క్యాంటీను నడిపే అతనికి ఫోను చేసింది. "మా ఆయనకు తీపి వస్తువు ఏది పెట్టినా నీ క్యాంటీను ముందు కూర్చుంటాను తమ్ముడూ" అంది. అతడు భయపడి, టీలో చక్కెర వేసుకున్న ప్రతివాణ్ణీ "గాలి మాస్టారికి రుచి చూపించకండి" అని హెచ్చరించడం మొదలుపెట్టాడు. అలా గేటు ముందు పళ్ళబండి దగ్గర చేతిసంచీలో దాచి తెచ్చుకోవడం, పనిముట్ల అలమారలో పెట్టి తాళం వెయ్యడం అలవాటైంది. పోయి పోయి యాభై ఆరేళ్ళ వయసులో స్పానర్ల చాటున అరటిపండు తినాల్సి రావడం ఆయనకే నామోషీగా ఉండేది. మానెయ్యాలని రోజూ అనుకునేవాడు, మళ్ళీ డజను కొనేవాడు.

చీకటి గదిలోకి పండు తేవడం మాత్రం ఆయన కలలో కూడా చెయ్యడు. అలమార ఉన్నది గది బయట నడవాలో. ఆయన లెక్కలో నడవా వేరు, గది వేరు. అయితే చలికాలం చివర పక్కన కొత్త భవనం పని మొదలై, సిమెంటు దుమ్ము కిటికీ వైపు ఫిల్టరును మూసేసింది. గదికి గాలి తీసుకునే గొట్టాన్ని ఆయనే విప్పి, నడవా వైపు తిప్పి బిగించాడు. మంచి పని, శుభ్రంగా చేశాడు. అలమార మీదకు వచ్చిందని గమనించాడు కూడా. పైకి ఎక్కి ఫిల్టరు మార్చడానికి వీలుగా ఉంటుందనుకున్నాడు. ఒక చేత్తో చేసిన పనీ ఇంకో చేత్తో చేసిన పనీ ఒకే మనిషివని ఆయనకు తట్టలేదు.

ఆ గదిలో అప్పుడు పని చేస్తున్నది ఒక పరిశోధక విద్యార్థిని. ఆమె ఆయనను బాబాయ్ అనేది, ఆయన అమ్మడూ అనేవాడు. ఎథిలీన్ మొలక దగ్గర అబ్సిసిక్ ఆమ్లాన్ని తగ్గిస్తూ వేరు దగ్గర ఎలా పెంచుతుందన్నది ఆమె ప్రశ్న. వరుసగా గాజు జాడీలు, వాటిలో మొలకెత్తిన వరి గింజలు. కొన్ని జాడీలకు తెల్ల టేపు చుట్టిన గొట్టంలోంచి గది గాలి, మిగిలినవాటికి పసుపు టేపు గొట్టంలోంచి కొలిచి కలిపిన ఎథిలీన్. మామూలు గాలిలో మొలకను కప్పి ఉండే తొడుగు పదకొండు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఎథిలీన్‌లో పద్దెనిమిది దాకా పోతుంది. ఆ తేడా మీదే ఆమె పరిశోధన నిలబడింది.

ఫిబ్రవరి విడతలో తేడా లేదు. మామూలు గాలి పోయిన జాడీల్లో కూడా మొలకలు పదిహేడు మిల్లీమీటర్లు, వేళ్ళు పొట్టి.

ఆమెకు మార్గదర్శి అయిన ప్రొఫెసరును అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ ముందు గాలినే అనుమానించింది. గాలిలోని వాయువులను కొలిచే యంత్రం మరమ్మతుకు వెళ్ళి ఉండడంతో, అందరి ముందూ గాలి మాస్టారిని అడిగింది.

"మాస్టారూ, గది గాలి ఎలా ఉంది?"

"గది గాలికి నాదీ పూచీ మేడమ్. ఒక్క పండు కూడా గడప దాటలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధం ఆడలేదు. పెద్ద మేడమ్ ఇంకో ప్రశ్న వెయ్యకుండా విద్యార్థిని వైపు తిరిగింది.

"అయితే నీ చేతిలోనే ఉందమ్మా తప్పు. చీకటి గదిలో పని చేసేది పచ్చ లైటు కింద. ఆ వెలుతుర్లో తెల్ల టేపూ పసుపు టేపూ ఒక్కలాగే కనబడతాయి. అన్నిటికీ ఎథిలీనే తగిలించావు."

రెండో విడతకు ఆమె గొట్టాలకు దారం ముడులు వేసింది: గాలికి ఒకటి, ఎథిలీన్‌కు రెండు. కళ్ళను నమ్మక వేళ్ళతో తడుముతూ, "ఒకటి, ఒకటి, రెండు" అని పైకి చెప్పుకుంటూ కలిపింది. గాలి మాస్టారు పక్కన నిలబడి పంపు చూశాడు. మార్చి మొదట్లో కొలిస్తే మళ్ళీ పదిహేడే. ఆ తర్వాత ఆమె తాళం వేసిన తలుపును రెండేసిసార్లు వెనక్కి వచ్చి లాగి చూడడం మొదలుపెట్టింది.

సోమవారం ఆయనకు విషయం తెలిసినప్పుడు పరిస్థితి ఇది.

మధ్యాహ్నం ఆయన మిగిలిన పళ్ళను పనిముట్ల సంచీలో వేసుకుని, పొలాల చివర ఎరువు గుంతలో పడేసి వచ్చాడు. అందరూ వెళ్ళాక గొట్టాన్ని మళ్ళీ కిటికీ వైపు తిప్పి, కొత్త ఫిల్టరు బిగించాడు. వచ్చే విడతలో మొలకలు వాటంతట అవే దారికి వస్తాయి, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అని లెక్క వేసుకున్నాడు. మంటలు లేచి గది కాలిపోయి ఉంటే, తీగ తెగి పంపు ఆగిపోయి ఉంటే ఆయన అప్పుడే పరుగెత్తి చెప్పేవాడు. కారణం అరటిపండు. ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుందో ఎన్నిసార్లు ఊహించినా, చివర ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు.

బుధవారం ఆమె నడవాలో, ఆ అలమార ఎదుటి బెంచీ మీద కూర్చుని ఉంది.

"బాబాయ్, ఒక మాట అడుగుతాను. మొహమాటపడకుండా చెప్పండి."

"అడుగమ్మడూ."

"నేను గొట్టాలు కలిపేటప్పుడు మీరు పక్కనే ఉన్నారుగా. తప్పు కలపడం చూసి, నా మొహం చూసి ఊరుకున్నారా?"

"లేదమ్మా. నువ్వు తప్పేమీ చెయ్యలేదు."

"మీరలాగే అంటారు. నేను ఏడుస్తానని." ఆమె తన వేళ్ళు చూసుకుంది. "ముడి తడిమినట్టు గుర్తుంది. ఒకటే అని చెప్పుకున్నట్టూ గుర్తుంది. అయినా పదిహేడు వచ్చిందంటే, ఇంక నాకు గుర్తున్నవేవీ నమ్మడానికి లేదు."

"వచ్చే విడత చూడు. అంతా సర్దుకుంటుంది."

"వచ్చే విడత ఎక్కడ బాబాయ్? రేపు నా పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో చూసే కమిటీ. గడువు పొడిగించరు. వాళ్ళు అనేదాకా ఆగడం ఎందుకని, నేనే చెప్పేద్దామనుకుంటున్నా, ఈ పని నా చేతులకు రాదని."

ఆయన నోరు తెరిచాడు. అదే సమయానికి స్టోర్సు గుమాస్తా నడవాలోకి వచ్చి "ఏం మాస్టారూ, ఇవాళ అలమార తియ్యలేదే, స్పానర్లకు సెలవా?" అన్నాడు. ఆయన నోరు మూసుకున్నాడు. గుమాస్తా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఆయన ఏమీ అనలేదు. అనడానికి అడ్డం ఎవరూ లేరు.

ఆ సాయంత్రం భార్య అనుమానం వచ్చి మళ్ళీ సూది గుచ్చింది. మీటరు చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"పొద్దునా తక్కువే, ఇప్పుడూ తక్కువే. ఏమిటి సంగతి?"

"మంచిదేగా?"

"మంచిదే. ఏం మానేశారు?"

"నేనేం మానేశాను?"

"పెరిగితే తిన్నారనుకుంటాను. ఉన్నట్టుండి తగ్గితే మానేశారనుకుంటాను. మానెయ్యాలంటే ముందు తింటూ ఉండాలి కదండీ. వార్డులో మీలాంటి మొగుళ్ళని ఎంతమందిని చూడలేదు! దిండు కింద జిలేబీ పెట్టుకుని దేవుడి పటానికి దణ్ణం పెట్టేవాళ్ళు."

ఆయన చెప్పేశాడు. స్పానర్ల చాటున అరటిపళ్ళనగానే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. క్యాంటీను అతను తనకు భయపడి అందరికీ కాపలా కాస్తుంటే ఈయన తాళం వేసుకుని తిన్నాడని విని, గోడ పట్టుకుని నవ్వింది. ఆయన ఆగకుండా గొట్టం సంగతి చెప్పాడు, ముడుల సంగతి చెప్పాడు, మర్నాటి కమిటీ సంగతి చెప్పాడు. ఆమె నవ్వు ఎక్కడ ఆగిందో ఆయనకు స్పష్టంగా తెలిసింది.

"ఆ పిల్ల రేపేం చెబుతుంది?"

"తనవల్లే పాడైందని."

"మీరు చూస్తూ కూర్చుంటారా?"

"అరటిపండు అంటే నవ్వుతారే."

"నవ్వుతారు. ఇప్పుడు నేను నవ్వలేదూ? చచ్చారా?" మీటరు డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "నాకు చెప్పి తేలికపడ్డారేమో, ఆ కమిటీలో నేను లేను."

గురువారం కమిటీ గదిలో బల్ల చుట్టూ ఆరుగురు ఉన్నారు. విద్యార్థిని నిలబడి "ఈ రెండు విడతలూ నావల్ల..." అని మొదలుపెట్టింది. గాలి మాస్టారు పిలవకుండానే తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఆ అమ్మాయివల్ల కాదండీ. అరటిపళ్ళవల్ల."

ఊహించినట్టే ఒకరు నవ్వారు. ఆయన గొట్టం ఎక్కడ బిగించిందీ, అలమార ఎక్కడ ఉందీ, అందులో ఏం ఉండేదీ వరుసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన బోర్డు మీద అక్షరాలు కళ్ళముందు ఆడాయి. ఇంకొకరు "నియమం రాసింది మీరే కదండీ" అన్నారు, నెమ్మదిగానే. పెద్ద మేడమ్ నవ్వలేదు.

"మీ మాట పట్టుకుని నేను ఈ అమ్మాయిని తప్పుపట్టాను మాస్టారూ."

"అవును మేడమ్."

"మీరు చెప్పింది నిజమే కావచ్చు. ఈసారి మాట చాలదు, మొలక చెప్పాలి." ఆవిడ అప్పుడే ఏర్పాటు నిర్ణయించింది. ఒక విడత గొట్టం నడవాలో, అలమార నిండా పళ్ళతో. ఇంకో విడత గొట్టం కిటికీకి, అలమార ఖాళీ. రెండింటిలోనూ గది గాలి జాడీలు మాత్రమే. గొట్టాలు కలిపేది విద్యార్థిని, కొలిచేది విద్యార్థిని. ఖాళీ అలమారతో పదకొండు వస్తే గడువు పొడిగింపు. రాకపోతే ఆమె చెప్పబోయిన మాటే కమిటీ రాసుకుంటుంది.

విద్యార్థిని ఆయనను తలుపు బయట ఆపింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"సోమవారం."

"నేను నిన్న అడిగాను." ఆమె గొంతు పెంచలేదు. "వేళ్ళు చూపించి అడిగాను."

ఆయన తల వంచుకున్నాడు. క్షమించమన్న మాట నాలుక మీదికి వచ్చింది. అది కూడా తన తేలిక కోసమే అనిపించి, బయటికి రానివ్వలేదు. ఆమె బాబాయ్ అనకుండానే వెళ్ళిపోయింది.

పళ్ళు కొని తెచ్చే పని పెద్ద మేడమ్ ఆయనకే అప్పగించింది. గేటు దగ్గరి బండి నుంచి నడవా దాకా, బాగా మగ్గిన రెండు గెలలను ఆయన పట్టపగలు భుజాన మోసుకుని వచ్చాడు. క్యాంటీను అతను గుమ్మంలోకి వచ్చి చూశాడు. "అక్కకు చెప్పనా మాస్టారూ?" అన్నాడు. "తెలుసులే" అన్నాడు ఆయన. స్టోర్సు గుమాస్తా, స్పానర్లకు పళ్ళు వచ్చాయని అందరికీ వినబడేలా అన్నాడు. ఆయన గెలలను అలమారలోకి ఎక్కించాడు.

పళ్ళున్న విడతలో గది గాలి మొలకలు పదిహేడు మిల్లీమీటర్లు వచ్చాయి, పొట్టి వేళ్ళతో. అంతమాత్రాన ఆమె ఊపిరి పీల్చుకోలేదు. పళ్ళు లేకపోయినా తన చేతిలో పదిహేడే వస్తుందేమోనన్నది ఆమె భయం. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, కాని తాళాన్ని ఇప్పుడు మూడోసారి కూడా లాగి చూస్తోంది. ఆ భయం ఎవరు పెట్టిందో ఆయనకు తెలుసు. అలమారను సబ్బునీళ్ళతో కడిగి, తలుపులు తీసి ఆరబెట్టాడు. నడవాలో కిటికీలన్నీ తెరిచి ఉంచాడు. గొట్టం కిటికీకి బిగించి, అతుకు మీద సబ్బునురుగు రాసి, బుడగ లేవడం లేదని పెద్ద మేడమ్‌ను పిలిచి చూపించాడు. తను చూస్తే చాలునని అనలేదు.

రెండో విడత కొలిచే రోజు ఆయన గదిలోకి వెళ్ళలేదు. తన బోర్డు పక్కనే గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల పచ్చ లైటు కింద ఆమె ఒక్కొక్క మొలకనూ గాజుపలక మీద పరిచి, స్కేలు ఆనించి చదువుతోంది. పెద్ద మేడమ్ రాసుకుంటోంది. ఆమె గొంతు మొదట వినీవినబడకుండా ఉంది. సగం జాడీలు అయ్యేసరికి కొంచెం నిలదొక్కుకుంది. తర్వాత చాలాసేపు పెన్సిలు చప్పుడు తప్ప ఏమీ లేదు. సరాసరి కడుతున్నారు.

తలుపు తెరుచుకుంది. ఆమె గడపలో నిలబడి, వెలుతురుకు కళ్ళు చికిలించి, ఆయన వైపు చూసింది.

"పదకొండు పాయింట్ రెండు."